లోపల ఎవరైనా ఉన్నారా?

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు...

మండుతున్న ఎండ ఉన్నట్టుండి పాలిపోయింది. ఆకు కదలడం లేదు. గోడల నీడన పడుకున్న కుక్కలన్నీ లేచి రోడ్డు మధ్యకు వచ్చి, ముక్కులు నేలకు ఆనించి మూగగా నిలబడ్డాయి. పట్టపగలు కరెంటు స్తంభం మీద ఒక గుడ్లగూబ వాలింది. అది తల మెల్లగా తిప్పుతూ వీధిలోని ఒక్కో ఇంటినీ చూసింది... లెక్కపెడుతున్నట్టు.

మూడో ఇంటి వంటగదిలో, పెళ్లయి ఐదు వారాలైన కొత్త కోడలు కిటికీ దగ్గర నిలబడి టీ ఊదుకుంటోంది. పొద్దుటి డ్యూటీ చేసి అప్పుడే ఇంటికొచ్చింది. ఆమె చేతిలో ఉన్నది నీలం కప్పు. పెళ్లయిన నాలుగో రోజున ఆలుమగలిద్దరూ బజారంతా తిరిగి, తిరిగి తిరిగి కాళ్లు లాగేసి, చివరికి మొదట చూసిన కొట్లోనే కొన్న జత అది. కప్పు అడుగున బుల్లి పిచ్చుక బొమ్మ ఉంటుంది. టీ మొత్తం తాగితే తప్ప కనబడదు. రోజూ పొద్దున ఎవరి పిచ్చుక ముందు బయటపడుతుందా అని ఇద్దరికీ పందెం. ఓడిపోతానని తెలిసినప్పుడు ఆయన టీ మొక్కలో పోసేసి గెలిచానంటాడు. ఆ సంగతి తలుచుకుని ఆమె తనలో తను నవ్వుకుంటోంది.

అప్పుడు నేల మూలిగింది.

పాతాళంలో ఎక్కడో ఒక మహాసర్పం ఒత్తిగిలినట్టు... గచ్చు కింద నుంచి పెద్ద గర్జన పాకుతూ వచ్చింది. అలమరలో గిన్నెలు పళ్లు కొరికాయి. గోడలు ఊపిరి పీల్చి వదిలాయి. పదకొండు క్షణాలు!

పన్నెండో క్షణంలో ఆమె వీధిలో ఉంది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అప్పటికే వీధంతా బయట ఉంది. ఎదురింటి టైలరు చేతిలో పెద్ద కత్తెర. రిటైరైన లెక్కల మాస్టారి ఒంటి మీద తువ్వాలు, చేతిలో టీవీ రిమోటు. మూలింటాయనకు సగం గడ్డం గీసి ఉంది, మిగతా సగం నురగ.

"ఏంటిది, భూకంపమా? మన ఊళ్లోనా?" అన్నాడు మాస్టారు. "మా తాత ముత్తాతలెవరూ చూడలేదే."

"మాస్టారూ, ముందు తువ్వాలు చూసుకోండి. మీ తాత ముత్తాతలు అది కూడా చూసుండరు," అన్నాడు టైలరు.

అందరూ నవ్వారు. బతికి బట్టకట్టిన నవ్వు. ఆమె కూడా నవ్వుతూ చేతిలోకి చూసుకుంది. నీలం కప్పు అలాగే ఉంది. అంచుదాకా టీ... ఒక్క చుక్క ఒలకలేదు.

సరిగ్గా అప్పుడు ఇంట్లోంచి సన్నగా ఒక పిలుపు వినిపించింది.

"అమ్మాయ్..."

ఆమె నవ్వు ఆగింది. అత్తయ్య! కాలు విరిగి, తొడదాకా కట్టుతో నెల నుంచి మంచం మీదున్న అత్తయ్య. వంటగదికీ ఆ మంచానికీ మధ్య ఆరడుగులు. ఆ మంచం పక్కనుంచే కదా తను వీధిలోకి పరిగెత్తింది.

లోపలికి ఉరికింది. పైకప్పు పెచ్చులూడి మంచమంతా సున్నం. గోడ గడియారం దిండుకు జానెడు దూరంలో బద్దలై పడి ఉంది. రెండూ నలభై దగ్గర దాని ముళ్లు ఆగిపోయాయి. సున్నంతో తెల్లబడిన ముఖంలో పెద్దావిడ కళ్లు మాత్రం నల్లగా మెరుస్తున్నాయి.

"ఎక్కడికెళ్లావమ్మా?"

"మేడ మీద... ఆరేసిన బట్టలు తీస్తున్నానత్తయ్యా. దిగి వచ్చేసరికి..."

పెద్దావిడ ఆమె ముఖం కేసి చూసింది. ఆ తర్వాత ఆమె చేతిలో ఇంకా పొగలు కక్కుతున్న కప్పు కేసి చూసింది. కళ్లు మూసుకుంది.

*

ఆమె ఉద్యోగం నగర ఫిర్యాదుల కేంద్రంలో ఫోన్లు ఎత్తడం. పైపు పగిలినా, గోడ కూలినా, లిఫ్టు ఆగినా ఊరంతా ఫోన్ చేసేది అక్కడికే. చేసినవాళ్లందరినీ మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ్నుంచి? ఏం జరిగింది? లోపల ఎవరైనా ఉన్నారా? మూడో ప్రశ్నకు 'ఎవరూ లేరు' అన్న జవాబు రిజిస్టర్లో రాసేదాకా ఆ ఫిర్యాదు కింద ఎర్రగీత గీయకూడదు. ఇరవయ్యారేళ్లుగా అక్కడే పనిచేస్తున్న పెద్దక్క ఆమెకు మొదటి రోజు నేర్పిన సూత్రం అదొక్కటే. "మిగతావి మర్చిపోయినా పర్లేదు. మూడోది మర్చిపోతే మనిషి పోతాడు."

మర్నాడు ఆరింటికి ఆమె కుర్చీలో కూర్చునేసరికి ఫోన్లు ఊపిరి సలపనివ్వడం లేదు.

"అమ్మా, మా పక్కింటివాడు పిండిమర మళ్లీ పెట్టాడు. నిన్న ఇల్లంతా ఊగిపోయింది."

"అది భూకంపమండీ."

"అయితే వాడి మీద ఫిర్యాదు తీసుకోరా?"

ఇంకొకాయనకు, మళ్లీ ఎన్నింటికి వస్తుందో కావాలి, స్నానానికి వెళ్లాలట. మరొకావిడ ఆ సమయంలో బస్సులో ఉంది, ఏమీ తెలియలేదు. "అందరూ చెప్పుకుంటున్నారమ్మా, నాకు చెప్పుకోడానికేం లేదు," అని వాపోయింది.

ఆమె నవ్వుతూనే రాసింది. కానీ మూడో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి చాలామంది గొంతులు తడబడ్డాయి. "లోపల... అప్పుడా? ఇప్పుడా?" అని ఒక విరామం. ఆ విరామం ఆమెకు బాగా తెలుసు. తన నాలుక కింద కూడా నిన్నట్నుంచి అదే దాగి ఉంది.

డ్యూటీ దిగబోయే ముందు మరో ఫోన్ మోగింది. అవతల నిశ్శబ్దం. దూరంగా నీటిబొట్లు పడుతున్న చప్పుడు.

"ఎక్కడ్నుంచండీ?"

"ఐసు ఫ్యాక్టరీ..." ఆడగొంతు. వినీవినబడకుండా ఉంది.

"ఏం జరిగింది? లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను."

లైను తెగిపోయింది. పక్క కుర్చీలోంచి పెద్దక్క తల తిప్పి చూసింది. "ఐసు ఫ్యాక్టరీయా? అది మూతపడి పన్నెండేళ్లయింది. ఫోను లైను కూడా నా కళ్లముందే కోసేశారు."

ఆమె ఆ ఫిర్యాదు రాసుకుంది. దాని కింద ఎర్రగీత గీయలేదు.

*

ఇంటికొచ్చింది. అద్దాలు బిగించే పని చేసే భర్త ఆ రోజు అన్నానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. ఊరంతా కిటికీలు పగిలి ఆయనకు తీరిక లేదు. గాజు ముక్క తగిలిన వేలికి ఆమె కట్టుకడుతుంటే, "ఇంత చిన్న గాయానికి ఇంత పెద్ద కట్టా? చూసినవాళ్లు చెయ్యి పోయిందనుకుంటారు," అన్నాడు. "అయితే రోజూ ఒకటి కోసుకోండి," అంది ఆమె. ఇద్దరూ ముసిముసిగా నవ్వుకున్నారు.

గంట రెండూ నలభై.

ఆకాశంలో మేఘం లేదు. ఉరిమింది! కరెంటు స్తంభం మీద గుడ్లగూబ కూసింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది...

వెళ్లి చూస్తే, నెల రోజులుగా పక్కకు ఒత్తిగిలలేని మనిషి గది మధ్య నిటారుగా నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. కట్టు కట్టిన కాలు నేలకు మోపి ఉంది. కనుగుడ్లు పైకి తిరిగి తెల్లగా ఉప్పుబిళ్లల్లా మెరిశాయి. నోరు తెరుచుకుంది. అందులోంచి వచ్చింది మగగొంతు. బావిలోంచి వచ్చినంత లోతు.

"ఒక్క... చుక్క... ఒలకలేదు..."

భర్త తల్లిని పొదివి పట్టుకున్నాడు. "అమ్మా, ఏంటే? ఏం ఒలకలేదే?" ఆమె మాత్రం గడప దగ్గరే కొయ్యబారిపోయింది. ఈ లోకంలో ఆ మాట తెలిసింది తనొక్కదానికే.

డాక్టరు వచ్చి భయం వల్లనన్నాడు. టైలరు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "డాక్టరు పని కాదమ్మా ఇది. ఐసు ఫ్యాక్టరీలో ఒకాయన దిగాడు. బూడిదాయన అంటున్నారు. నేల వణుకుతుందని ఆయనకు ముందే తెలుసట. భూకంపం రోజు పట్టుకుని పరిగెత్తిన వస్తువు ఆయనకిస్తే చాలట, ఇంటికి పీడ ఉండదట. నేను కత్తెర ఇచ్చేశా. మాస్టారు రిమోటిచ్చాడు."

"ఏమైనా అడిగాడా, బాబాయ్?"

"ఏమీ అడగడు. అదే హాయి." టైలరు ఆమె కళ్లలోకి చూడలేదు.

*

మూడో రోజు ఆమె కప్పును కొంగులో దాచుకుని వెళ్లింది. పట్టపగలే ఆ ఫ్యాక్టరీలో చీకటి గూడుకట్టుకుని ఉంది. ఒకప్పుడు ఐసు తయారీకి వాడిన ఉప్పునీరు ఎండి, గోడలన్నీ తెల్లటి పొక్కులతో నిండిపోయాయి. గబ్బిలాలు రెక్కలు విదిల్చాయి. నేల మధ్యన నిలువునా ఒక పగులు... నోరు తెరిచిన గాయంలా ఉంది. దాని అంచున భస్మలేపిత దేహంతో, నిప్పుకణికల్లాంటి నేత్రాలతో ఆ మాంత్రికుడు కూర్చుని ఉన్నాడు. ముందు ఉప్పుతో గీసిన వలయం. వలయం నడుమ ఒక కపాలం! దాని చుట్టూ కత్తెర, రిమోటు, గడ్డం బ్రష్షు, పెళ్లి ఆల్బమ్, పక్షిలేని పంజరం...

"పెట్టు," అన్నాడు.

"మా అత్తయ్య..."

"అడగలేదు. నువ్వు చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు. పెట్టి వెళ్లిపో."

ఆమె పెట్టింది. అతను పెదవి కదలకుండా ఏదో జపించాడు. పగులులోంచి చల్లటి గాలి కొట్టింది. ఆమె గుండెల మీది బరువు దూదిపింజలా ఎగిరిపోయింది. ఇంటికి వెళ్లే దారిలో చిన్న పాట కూడా కూనిరాగం తీసింది. నిన్నటి నుంచి ఆమె భర్త ముఖం సరిగా చూడలేదు. ఆ సాయంత్రం చూసింది, ఆయన చెప్పిన ఎప్పటి జోకుకో ఇప్పుడు నవ్వింది.

నవ్వు పూర్తికాకముందే ఆయన లోపల్నుంచి పిలిచాడు. "ఇలా రా. అమ్మ ఒళ్లు మంచులా ఉంది."

పెద్దావిడ పెదవుల మీద ఉప్పు పేరుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కొడుకును గుర్తుపట్టలేదు.

నాలుగో రోజు, ఐదో రోజు... ఫిర్యాదుల కేంద్రానికి వచ్చే ఫోన్లు మారిపోయాయి. పిండిమరల మాట లేదు. "మా నాన్న ఒళ్లు చల్లబడిపోతోంది." "మా పాప ఎవరినీ గుర్తుపట్టట్లేదు." "పెదవుల మీద ఉప్పు." ఆమె రిజిస్టరు వెనక్కి తిప్పింది. అన్నీ మొన్న మూడో ప్రశ్న దగ్గర తడబడిన ఇళ్లే. ఒక్క ఇల్లు కూడా తేడా లేదు.

ఫోన్ మోగింది. నీటిబొట్ల చప్పుడు.

"అతను వస్తువులు తీసుకోవడం లేదమ్మా..." అదే ఆడగొంతు. "వాటి బదులు మీరు వదిలేసిన మనుషుల్ని తీసుకుంటున్నాడు. మీరే నోరు మూసుకుని అప్పగించారు. అందరి ముందూ నోరు విప్పితే అతనికి పట్టు చిక్కదు. రేపు ఆ వేళకు అందరూ పగుల్లోకి దిగుతారు... నేల అతని మాట వింటుంది."

"మీరెవరండీ? లోపల ఇంకెవరైనా..."

"ఉన్నాను. నన్నెవరూ అడగలేదు."

లైను తెగిపోయింది.

*

ఆరో రోజు ఆమె డ్యూటీకి వెళ్లలేదు. మధ్యాహ్నం భర్త ముఖం కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని వెనక నిలబడింది. ఆయన ముఖం చూస్తే చెప్పలేనని, వీపుకే చెప్పింది.

"నేను మేడ మీద లేనండీ. వంటింట్లో ఉన్నాను. అత్తయ్య పక్కనుంచే పరిగెత్తాను. కప్పు తీసుకుని పరిగెత్తాను. అత్తయ్యను తీసుకోలేదు."

నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆయన కుళాయి కట్టలేదు. తల ఎత్తకుండానే అన్నాడు: "నేల ఆగగానే నేను ముందు ఫోన్ చేసింది నీకు. అమ్మ మంచం మీదుందని గుర్తు రావడానికి... గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది. నేనూ ఎవరికీ చెప్పలేదు."

ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకోలేదు. పట్టుకునే అర్హత లేదన్నట్టు నిలబడ్డారు. లోపలి గదిలో మంచం కిర్రుమంది.

పెద్దావిడ నడుస్తోంది. వాళ్లిద్దరినీ దాటుకుని వీధిలోకి నడుస్తోంది. ఎంత లాగినా ఆ ఒళ్లు ఇనుపస్తంభంలా ముందుకే పోతోంది. ఎదురింట్లోంచి టైలరు భార్య వస్తోంది. మాస్టారి మనవరాలు, నాలుగేళ్ల పిల్ల, బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రలో నడుస్తోంది. మూలింటి నుంచి ముసలి తండ్రి. వెనకాల ఏడుస్తూ వాళ్లవాళ్లు. ఆకాశం కారుమేఘాలతో మూసుకుపోయింది. ఉరుములు దొర్లాయి... గుడ్లగూబలు గుంపుగా వాళ్ల నెత్తిమీద వలయం తిరుగుతూ వెంట వచ్చాయి.

ఫ్యాక్టరీలో మాంత్రికుడు రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నాడు. "వదిలేసిన ప్రాణాలు! రండి! మీ వాళ్లే నాకిచ్చారు!" అతని కంఠం గోడలను కొట్టి వంద కంఠాలై తిరిగివచ్చింది. పెద్దావిడ కట్టుకాలు పగులు అంచు మీద పడింది. ఇంకొక్క అడుగు...

గంట రెండూ ముప్పైతొమ్మిది.

కొత్త కోడలు ఒక అడుగు ముందుకేసింది. ఏ మంత్రమూ రాదు. ఆమెకు వచ్చింది ఒకటే మాట, రోజుకు వందసార్లు అడిగే మాట. అది ఇప్పుడు తనను తానే అడిగింది, అందరూ వినేటట్టు.

"లోపల ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మా అత్తయ్య ఉంది. మంచం మీదుంది. నేను టీ కప్పు పట్టుకుని బయటికొచ్చాను. వచ్చి నవ్వాను కూడా. తర్వాత అబద్ధం చెప్పాను."

వలయంలో నీలం కప్పు టప్పున పగిలింది. పెద్దావిడ కాలు గాలిలోనే ఆగింది.

"నోరు ముయ్!" మాంత్రికుడు హుంకరించాడు. "చెప్పావంటే ఊరంతా నీ మీద ఉమ్మేస్తుంది!"

అప్పుడు టైలరు నెత్తి కొట్టుకుంటూ ముందుకొచ్చాడు. "మా ఆవిడ స్నానాలగదిలో ఉంది. గడియ పడిపోయింది, తీయమని తలుపు బాదింది. నాకు వినిపించింది. వినిపించిందే... కత్తెర తీసుకుని వెళ్లిపోయాను." కత్తెర రెండు ముక్కలైంది. మాస్టారు నేల మీద కూలబడ్డాడు. "పిల్ల సోఫాలో పడుకునుంది. దాని పక్కనే రిమోటుంది. నేను రిమోటు తీశాను తల్లీ. రిమోటు తీశాను." ఒక్కొక్కరూ... ఒక్కొక్కరూ... వలయంలోని వస్తువులన్నీ చిట్లాయి. నడిచివచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిద్ర లేచినట్టు కళ్లు తెరిచి సోలిపోయారు. వాళ్లను ఈసారి పట్టుకోవడానికి చేతులున్నాయి.

ఇక వలయంలో మిగిలింది కపాలం ఒక్కటే. కొత్త కోడలికి రిజిస్టర్లో గీత గీయని ఆ ఫిర్యాదు గుర్తొచ్చింది. ఆమె కపాలం ముందు మోకరిల్లి, ఫోన్లో అడిగినంత మర్యాదగా అడిగింది.

"లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా అండీ?"

"ఉన్నాను."

ఆ మాట కపాలంలోంచి వచ్చింది! మాంత్రికుడి ముఖం మీది బూడిద చెమటకు చారలు కట్టింది.

"ఎవరు మీరు?"

"ఇతని భార్యను. చాలా దూరపు ఊళ్లో, చాలా ఏళ్ల కింద నేల ఇలాగే కదిలింది. ఇతను మంత్రాల పుస్తకం పట్టుకుని పరిగెత్తాడు. గోడ కింద మూడు రోజులు పిలిచాను. విన్నాడు. రాలేదు. నేను పోయాక వచ్చి తవ్వుకుని, నా తల మోసుకు తిరుగుతున్నాడు... ఎవరికీ చెప్పకుండా."

"అబద్ధం!" అన్నాడు అతను. కానీ ఆ గొంతులో విరామం ఉంది. మూడో ప్రశ్న దగ్గర తడబడే విరామం.

"చెప్పేయండి," అంది కొత్త కోడలు. ఆమెకు అతని మీద జాలేసింది. అది నిజం. "చెప్పేస్తే పోతుందేమో. నేను చెప్పాను కదా."

అతను నోరు తెరిచాడు. మూసుకున్నాడు. కపాలాన్ని లాక్కుని చంకలో దాచుకున్నాడు.

గంట రెండూ నలభై.

నేల మూలిగింది. ఈసారి గర్జన కాదు, నిట్టూర్పు. పగులు విచ్చుకుంది. ఆ పాతాళగహ్వరంలోంచి ఉప్పుతో తెల్లబడిన రెండు చేతులు, గాజులతో సహా, పైకి లేచాయి. అతని కాళ్లను పట్టుకున్నాయి... చంకలోని కపాలం మెత్తగా అంది, "ఇప్పుడైనా లోపలికి రా." అతను కేకలు పెడుతూ నడుములోతు మునిగాడు, గొంతులోతు మునిగాడు... పగులు మూసుకుంది! దాని మీద ఉప్పు ఒక సన్నటి గీతలా మిగిలింది.

జనం బయటికి పరిగెత్తారు. ఎవరి చేతిలోనూ వస్తువు లేదు. కొత్త కోడలు అత్తగారిని వీపు మీద వేసుకుని, ఆ కట్టుకాలు తలుపులకు తగలకుండా అడ్డంగా తిరుగుతూ, ఆయాసపడుతూ వచ్చింది.

"మెల్లిగా, మెల్లిగా," అంది వీపు మీది గొంతు. అది పెద్దావిడ సొంత గొంతు. "నన్ను మళ్లీ పడేసేవు."

*

మర్నాడు పొద్దున ఆమె రిజిస్టర్లో ఐసు ఫ్యాక్టరీ ఫిర్యాదు తీసింది. మూడో ప్రశ్న ఎదురుగా 'ఎవరూ లేరు' అని రాయబోయి ఆగింది. 'ఒకాయన కూడా ఉన్నాడు. ఇద్దరూ కలిసే ఉన్నారు' అని రాసింది. పెద్దక్క చదివి కళ్లజోడు సర్దుకుంది. ఎర్రగీత మాత్రం ఆమె గానీ పెద్దక్క గానీ గీయలేదు.

రెండూ నలభైకి ఆమె మిగిలిన నీలం కప్పులో టీ పోసి అత్తగారి మంచం దగ్గరకు తీసుకెళ్లింది. సాసరు గలగలలాడింది. టీ కొంచెం అందులోకి ఒలికింది.

"అత్తయ్యా, నేను మేడ మీద..."

"తెలుసు. ఆ రోజు నువ్వు బట్టలు ఉతకలేదుగా, సబ్బు అయిపోయిందని పొద్దున్నే అన్నావు." పెద్దావిడ కప్పు అందుకుంది. "ముందే చెప్తావేమోనని చూశాను. ఒక్క పూట కోపంతో పోయేది."

"ఇప్పుడు పోదా?"

పెద్దావిడ టీ తాగుతూ కిటికీ కేసి చూసింది. కరెంటు స్తంభం మీద ఏమీ లేదు. టీ అయిపోయాక కప్పు వంచి అడుగున చూసింది.

"ఏంటిది, పిచ్చుకా? నాకెప్పుడూ చూపించలేదేం?"

కోడలు సాసర్లోకి ఒలికిన టీని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. అది ఎంత తుడిచినా ఇంకా కొంచెం ఉన్నట్టే ఉంది.